ఎలక్ట్రిక్ కారు కొన్నాక నా కార్బన్ లెక్క పెరిగిందట, నిజమేనా?

కొల్లూరు_కొత్త_కాపురం

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, తిట్టుకోకుండా చదవండి.

పోయిన ఏడాది దాకా కూకట్‌పల్లిలో అద్దెకు ఉండేవాళ్లం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆఫీసు రాయదుర్గంలో, స్కూటర్ మీద రానూ పోనూ 16 కిలోమీటర్లు. ఇప్పుడు కొల్లూరు వైపు, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, ఒక గేటెడ్ కమ్యూనిటీలో సొంత ఫ్లాట్. బ్రోచర్ నిండా ఆకుపచ్చ రంగే. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్, కామన్ ఏరియాకు సోలార్, మురుగునీటిని శుద్ధి చేసి మొక్కలకు పెట్టడం, సెల్లార్‌లో ఈవీ చార్జింగ్. దూరం పెరిగింది, పిల్లాడి స్కూలు ఇంకో దిక్కున పడింది, దాంతో స్కూటర్ అమ్మేసి ఎలక్ట్రిక్ కారు తీసుకున్నా. 2024 నవంబర్ నుంచి తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశారు కదా, అదీ కలిసొచ్చింది. నాకైతే లోపల కాస్త గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

గృహప్రవేశానికి మా బామ్మర్ది వచ్చాడు. కరెంటు కొనుగోలు లెక్కలు చూసే ఉద్యోగం వాడిది. పాయసం గిన్నె పక్కన పెట్టి, మిగిలిపోయిన శుభలేఖ ఒకటి తిరగేసి పెన్ను తీశాడు. "బావా, నువ్వు పొగ తగ్గించానని చెప్పుకుంటున్నావు గానీ ఆరింతలు చేశావు" అన్నాడు. వాడి లెక్క ఇదీ:

స్కూటర్ 16 కి.మీ.కి లీటరులో మూడో వంతు పైచిలుకు పెట్రోల్ తాగుతుంది. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది (లీటర్ బరువే ముప్పావు కిలో, 2.3 ఎలా వస్తుందని నేనూ అడిగా. మిగతా బరువు గాలిలో నుంచి కలిసే ఆక్సిజన్‌ది అన్నాడు). అంటే రోజుకు 0.8 కిలో. ఇప్పుడు స్కూలుతో కలిపి కారు రోజుకు 45 కి.మీ. తిరుగుతోంది, చార్జింగ్ నష్టాలతో 7 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సగటున 0.7 కిలో, కాబట్టి రోజుకు 4.9 కిలోలు. ఇదే పెట్రోల్ కారైతే 7.4 అయ్యేది, అందుకని రెండున్నర కిలోలు ఆదా చేశానని నేను, నాలుగు కిలోలు పెంచావని వాడు. ఏడాదికి 240 పని దినాలు వేసుకుంటే నేను చెప్పే ఆదా 600 కిలోలు, వాడు చెప్పే పెరుగుదల టన్నుకు దగ్గర.

ఆ రోజు నుంచి ఇది బుర్రలోంచి పోవడం లేదు. నా ఒక్కడి సంగతి వదిలేయండి. ఊరు పెరుగుతోంది, టెక్నాలజీ కూడా పెరుగుతోంది, ఈవీలు, మెట్రో, గ్రీన్ బిల్డింగులు, ఎల్‌ఈడీలు అన్నీ వస్తున్నాయి. మరి మొత్తం మీద పొగ తగ్గుతుందా, లేక మా ఇంట్లో జరిగిందే ఊరంతా జరుగుతోందా? తెలిసినవాళ్లు చెప్పండి. బామ్మర్దికి చూపించాలి.

స్లాబ్_సైకిల్

మీ బామ్మర్ది కారు దగ్గరే ఆగిపోయాడు. అసలు లెక్క మీరు పాయసం తిన్న గదిలో ఉంది.

నేను సైట్ ఇంజినీర్‌ని, పదిహేనేళ్లుగా హైరైజ్‌లు కడుతున్నా. మా దగ్గర ఉజ్జాయింపు లెక్క చదరపు అడుగుకు దాదాపు 0.45 బస్తా సిమెంట్, 5 కిలోల స్టీలు. అంతస్తులు పెరిగే కొద్దీ, సెల్లార్లు లోతు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మీది 2,000 అడుగుల ఫ్లాట్ అనుకుందాం. 900 బస్తాలు, అంటే 45 టన్నుల సిమెంట్. టన్నుకు 0.6 టన్ను చొప్పున 27 టన్నుల కార్బన్ డయాక్సైడ్. స్టీలు 10 టన్నులు, మన దేశంలో టన్ను స్టీలుకు రెండున్నర టన్నుల దాకా, ఇంకో 25. మొత్తం 50 టన్నుల పైన. ఇటుకలు, గ్లాసు, టైల్స్, లిఫ్టులు నేను కలపనే లేదు. మీ కారు ఏడాదికి 600 కిలోలు ఆదా చేస్తే ఈ 50 టన్నులు తీరడానికి 80 ఏళ్ల పైన పడుతుంది. బిల్డింగ్ అన్నాళ్లు నిలబడితే అదే గొప్ప.

సిమెంట్ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. బట్టీకి బొగ్గు మానేసి సోలార్ పెట్టినా సగానికి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అది సున్నపురాయి లోపలే ఉంది. రాయిని కాలిస్తే బయటికొస్తుంది, అంతే. దాన్ని తగ్గించాలంటే సిమెంటే తక్కువ వాడాలి, దాని బదులు ఫ్లై యాష్ (థర్మల్ స్టేషన్ల బూడిద), స్టీల్ ప్లాంట్ స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) కలపాలి. కలుపుతున్నాం కూడా. కానీ ఇక్కడో తిరకాసు ఉంది, మీరు ఇన్నోవేషన్ అంటున్నారు కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు పెద్ద సైట్లన్నీ అల్యూమినియం షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు పలకలు), మేం మివాన్ అంటాం. గోడలు, స్లాబ్ ఒకేసారి పోసేస్తాం, వారానికో ఫ్లోర్ లేస్తుంది. గోడ పలకలు మర్నాడే విప్పాలి. స్లాగ్, యాష్ ఎక్కువ కలిపిన కాంక్రీట్‌కు మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, మర్నాడు పలక విప్పితే అంచులు రాలతాయి. ఒక సైట్‌లో నేనే స్లాగ్ శాతం పెంచుదామని కాగితం పెట్టా. మీటింగ్‌లో ఒకే ప్రశ్న వచ్చింది, స్లాబ్ సైకిల్ (ఒక ఫ్లోర్ పోశాక పై ఫ్లోర్ పోయడానికి పట్టే సమయం) ఎన్ని రోజులు పెరుగుతుందని. రెండు రోజులన్నా. కాగితం మళ్లీ కనపడలేదు.

ఇంకోటి, మివాన్‌లో లోపలి గోడలు కూడా కాంక్రీటే. బ్లాకుల గోడతో పోలిస్తే సిమెంట్, స్టీలు ఎక్కువ, పైగా ఎండ తగిలే గోడైతే పొయ్యి మీద పెనంలా కాగుతుంది. ఏప్రిల్‌లో సాయంత్రం ఏడింటికి మీ పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి.

మిర్యాలగూడ_మనిషి

పై ఇద్దరి లెక్కలూ బాగున్నయి. ఆ 27 టన్నులు ఎక్కడ ఎగిరినయో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్త.

మా దిక్కు. మేళ్లచెర్వు, మఠంపల్లి, వాడపల్లి, ఈ పట్టీ అంతా సున్నపురాయి, అంతా సిమెంట్ ఫ్యాక్టరీలు. మీ కారుకు ఎక్కే కరెంటులో కొంత దామరచర్ల నుంచి వస్తది, అక్కడ యాదాద్రి థర్మల్ స్టేషన్ 800 మెగావాట్ల యూనిట్లు అయిదు, మొత్తం 4,000 మెగావాట్లు. పేరు యాదాద్రిది, బూడిద మాది. హైదరాబాద్ హద్దుల్లో పొగ గొట్టాలు లెక్కపెడితే ఊరు ముత్యంలా కనిపిస్తది. సిటీల కార్బన్ లెక్కల్లో ఇదే అసలు మతలబు. హద్దు లోపల కాలింది మాత్రమే రాస్తే ఒక అంకె, బయట నుంచి తెచ్చుకున్న కరెంటు కలిపితే ఇంకో అంకె, సిమెంటు, స్టీలు, బియ్యం, బట్ట అన్నీ కలిపితే మూడో అంకె. పత్రికల్లో ఫలానా సిటీ ఇంత తగ్గించిందని వార్త వస్తే మూడింటిలో ఏదో చూడకుండా చప్పట్లు కొట్టకండి.

ఫ్యాక్టరీలు వద్దనడం లేదు, మా తమ్ముడి జీతం అక్కడి నుంచే వస్తది. లెక్క రాసేటప్పుడు మా పేరు కూడా రాయండి, అంతే.

బూడిద_గుమ్మడికాయ

గృహప్రవేశానికి గుమ్మడికాయ కొట్టారా లేదా? కొడితే ఆ కార్బన్ కూడా కలపండి 😀

జార్జియా_400

అట్లాంటా శివార్ల నుంచి రాస్తున్నా. మీరు కొల్లూరులో ఏం చేశారో మేం ఇక్కడ ముప్పై నలభై మైళ్ల స్కేల్‌లో చేస్తున్నాం. కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. ఇంట్లో ఇద్దరికి రెండు కార్లు, పిల్లాడికి పదహారు రాగానే మూడోది. మార్టా (ఇక్కడి రైళ్లు, బస్సులు నడిపే సంస్థ) రైలు నార్త్ స్ప్రింగ్స్ దగ్గర ఆగిపోతుంది, మా కౌంటీలోకి రాదు. పక్కనున్న గ్విన్నెట్ కౌంటీలో 2019లో మార్టాలో చేరాలా అని ఓటింగ్ పెడితే వద్దని ఓడించారు. పాలు అయిపోతే కారు తియ్యాలి. ఇది అతిశయోక్తి కాదు, నిన్న సాయంత్రం పెరుగు తోడుకు పాలు లేక తీశా.

సిటీ ప్లానింగ్ వాళ్లు తరచుగా చెప్పే ఒక పోలిక ఉంది. 1990 ప్రాంతం లెక్కల్లో అట్లాంటాలో 25 లక్షల మంది 4,280 చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉన్నారు. బార్సిలోనాలో 28 లక్షల మంది 162 చదరపు కిలోమీటర్లలో సర్దుకున్నారు. రవాణా పొగ మనిషికి పదింతలు తేడా. రెండూ డబ్బున్న ఊళ్లే, రెండు చోట్లా అవే కార్లు, అదే టెక్నాలజీ. తేడా అంతా ఇల్లు ఎక్కడ, పని ఎక్కడ అన్నదాంట్లోనే. హైదరాబాద్ ఇప్పటికీ ఇరుకైన ఊరే, ఆ మాటకొస్తే అదే దాని బలం. 2011 జనాభా లెక్కల్లో జీహెచ్‌ఎంసీలో 650 చదరపు కిలోమీటర్లకు 67 లక్షల మంది. కానీ ఇప్పుడు ఔటర్ లోపలే సుమారు 2 వేల చదరపు కిలోమీటర్లు, మీరు దాన్ని కూడా దాటి వెళ్లారు. బార్సిలోనాలా బతికి అట్లాంటాలా మారుతున్నారన్నమాట, మెట్రో కట్టుకుంటూనే.

ఇన్నోవేషన్ గురించి అడిగారు కాబట్టి ఒక ముక్క. 2007లో బెటాన్‌కూర్, శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జెఫ్రీ వెస్ట్, ఇంకొందరు కలిసి ఒక పేపర్ రాశారు. ఊరి జనాభా రెట్టింపైతే పెట్రోల్ బంకులు, వైర్లు, రోడ్ల లాంటివి మనిషికి తక్కువే చాలుతాయట, జీతాలు, పేటెంట్లు మాత్రం మనిషికి పెరుగుతాయట. వినడానికి ఎంత బాగుందో! పెద్ద ఊరు అంటే తెలివీ, పొదుపూ రెండూ. కానీ ఆ పెరిగిన జీతం ఏం చేస్తుంది? పెద్ద ఫ్లాట్ కొంటుంది, మూడు ఏసీలు కొంటుంది, సంక్రాంతికి విమానం టికెట్ కొంటుంది. కార్బన్ విషయానికొస్తే పెద్ద ఊళ్లు మేలా కాదా అన్నది దేశాన్ని బట్టి, ఊరి హద్దు ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి మారిపోతోంది. మిర్యాలగూడ అన్న చెప్పిందీ అదే. 1865లోనే ఇంగ్లండ్‌లో జెవాన్స్ అనే ఆర్థికవేత్త రాశాడు, ఆవిరి యంత్రం బొగ్గును పొదుపుగా వాడేకొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం పెరిగిందని. మీ కారు సంగతి కూడా అదే కథ. కిలోమీటర్ ఖర్చు రూపాయి అయిపోయింది కదా, ఈ ఆదివారం ఎక్కడికి వెళ్లారు, నిజం చెప్పండి?

గ్యాస్_చార్జింగ్

ఏసీ మెకానిక్‌ని. మీరంతా కరెంటు, పెట్రోల్ అంటున్నారు, గ్యాస్ సంగతి ఎవరూ అడగరు. ఇప్పుడొచ్చే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువ శాతం ఆర్-32. టన్నున్నర ఏసీలో ముప్పావు కిలో అటూ ఇటూ ఉంటుంది. ఆ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఒక ఏసీ గ్యాస్ పోతే 500 కిలోలు. సారు కారు మీద ఏడాదంతా ఆదా చేసిన 600లో చాలా మటుకు ఒక పూటలో గోవిందా. పాత ఆర్-410 అయితే కిలోకు రెండు వేల పైన, దాని గురించి మాట్లాడకపోవడం మేలు.

ఇల్లు మారేటప్పుడు ఏసీ విప్పిస్తారు కదా, అక్కడ చూసుకోండి. సరైన పద్ధతి పంప్ డౌన్. ఏసీ ఆన్‌లో ఉంచి సన్న పైపు వాల్వ్ ముందు మూస్తాం, కంప్రెసర్ గ్యాస్ మొత్తాన్ని బయటి యూనిట్‌లోకి లాక్కుంటుంది, తర్వాత లావు పైపు వాల్వ్ మూసి ఏసీ ఆపేస్తాం. పట్టుమని అయిదు నిమిషాలు. తొందరలో ఉన్నవాడు నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేస్తాడు, కొత్త ఇంట్లో "గ్యాస్ అయిపోయింది సార్" అని రెండున్నర వేలు తీసుకుంటాడు. మీకు రెండు వైపులా నష్టం. విప్పేటప్పుడు పక్కన నిలబడండి, బుస్సు వినపడిందంటే అడగండి.

హైరైజ్‌లలో ఇంకో బాధ. బయటి యూనిట్‌ను బాల్కనీ పక్కన సందులో, ముందు జాలీ పెట్టి కట్టేస్తారు, అందంగా కనపడాలని. వేడి గాలి బయటికి పోక మళ్లీ అదే లోపలికి లాగుతుంది. కింద ఫ్లోర్ వేడి పై ఫ్లోర్‌కి. ఫైవ్ స్టార్ ఏసీ త్రీ స్టార్ లాగా కరెంటు తాగుతుంది. 24 డిగ్రీల మీద పెట్టండని ఎంత చెప్పినా (2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపించేలా రూల్ కూడా వచ్చింది) రిమోట్ తీసుకుని 18 చేస్తారు. ఇంజినీర్ సారు చెప్పిన ఆ కాంక్రీట్ గోడ గదుల నుంచే నాకు "కూలింగ్ రావట్లేదు" అని ఎక్కువ ఫోన్లు.

నాగోల్_నుంచి_రాయదుర్గం

ఇదంతా చదివితే ఊళ్లు పెరగడమే పాపం అన్నట్టుంది. ఒప్పుకోను.

నేను బ్లూ లైన్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు రోజూ వెళ్తాను. ఇంటి దగ్గర నుంచి నాగోల్ దాకా బస్సు, 2023 డిసెంబర్ నుంచి మా ఆడవాళ్లకు టికెట్ లేదు, అక్కడ నుంచి మెట్రో. మూడు బోగీల రైల్లో పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో ఎక్కి చూడండి, ఫోన్ పైకెత్తే చోటుండదు. ఆ బోగీలో ఉన్నవాళ్ల రోజు లెక్క ఈ పోస్టులో ఉన్న కారు లెక్క ముందు ఏ మూలకు? మేమూ సిటీ వాళ్లమే, మా వల్ల కూడా ఊరు పెరిగింది. మా అమ్మ ఊళ్లో కట్టెల పొయ్యి ఊదేది, ఇక్కడ గ్యాస్. అది కూడా నగరమే ఇచ్చింది. "సిటీ మనిషి సగటు పొగ" అని ఒక అంకె రాస్తే అందులో కోకాపేట నలభయ్యో అంతస్తు, ఆ టవర్‌కు సెంట్రింగ్ కొట్టి రేకుల షెడ్డులో పడుకునే మనిషి ఇద్దరూ కలిసిపోతారు. మన దేశం సగటే మనిషికి ఏడాదికి 2 టన్నులు, అమెరికా 14 దాకా. అట్లాంటా అన్నగారు ఏమనుకోకండి.

నా గొడవ ఎత్తు మీద కాదు, చోటు మీద. ఎత్తుగా కడితే మనుషులు దగ్గర దగ్గరగా ఉంటారు, దగ్గరగా ఉంటే బస్సు, రైలు నడుస్తాయి, పొగ తగ్గుతుంది అని పుస్తకాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు, రోడ్డు వెడల్పును బట్టి ఎంత ఎత్తయినా కట్టొచ్చు. మరి ఎత్తు ఎక్కడ లేచింది? మెట్రో ఆగిపోయిన చోటు దాటాక. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్ల పైన పలికింది, అక్కడికి ఇవాళ్టికీ రైలు లేదు, రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. ఇటు మెట్రో స్టేషన్ల చుట్టూ చూస్తే ఇంకా రెండంతస్తుల ఇళ్లు, కార్ షోరూములు. ముందు టవర్లు, తర్వాత ఫ్లైఓవర్లు, చివరాఖరికి రైలు. వరస తలకిందులైతే ఎలక్ట్రిక్ కారు ఏం చేస్తుంది పాపం, అదే ఫ్లైఓవర్ మీద పొగ లేకుండా ఆగిపోతుంది. చైనాలో షెన్‌జెన్ ఊరు 2017 చివరికి 16 వేల పైన సిటీ బస్సుల్ని మొత్తం ఎలక్ట్రిక్ చేసేసింది. ఇన్నోవేషన్ అంటే నాకు అది. ఒక్కో ఇంటి సెల్లార్‌లో ఒక్కో ప్లగ్ కాదు.

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023లో వచ్చింది, మంచిదే, నా చిన్న ఇంటి డాబాకు తెల్ల పెయింట్ వేయించాక పగలు ఫ్యాన్‌తో గడిచిపోతోంది. నలభై అంతస్తుల టవర్‌కు పైకప్పు తెల్లగా వేస్తే పై రెండు ఫ్లోర్లకు చల్లన, మిగతా అంతా గోడలూ అద్దాలే కదా.

కొల్లూరు_కొత్త_కాపురం

అందరికీ థ్యాంక్స్. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూశా. ఇంజినీర్ గారూ, మీరు చెప్పింది నిజం, రాత్రి తొమ్మిదింటికి కూడా వెచ్చగానే ఉంది. జార్జియా అన్నా, ఆదివారం యాదగిరిగుట్ట వెళ్లాం, దొరికిపోయా. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు రెండేళ్లకోసారి బస్సులో వెళ్లేవాళ్లం, కారు వచ్చాక ఇది నాలుగోసారి.

నాగోల్ మేడమ్ కామెంట్ చదివాక మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో అడిగా, పొద్దున రెండు ట్రిప్పులు రాయదుర్గం మెట్రో దాకా మినీ బస్సు పెట్టుకుందామా అని. నలభై ఒక్కరు బొటనవేలు ఎత్తారు. నెలకు ఇంత అవుతుందని రాశాక తొమ్మిది మంది మిగిలారు. అదే రోజు రెండో కారుకు పార్కింగ్ కావాలని పేరు ఇచ్చినవాళ్లు అరవై పైన. తొమ్మిది మందితోనే ఒక పాత టెంపో ట్రావెలర్ మాట్లాడుతున్నాం, అది డీజిల్‌ది, లెక్క మళ్లీ వేయాలి.

బామ్మర్దికి ఈ లింక్ పంపా. మొత్తం చదివాడట. "సిమెంట్ పాయింట్ బాగుంది బావా" అన్నాడు, తర్వాత మీ దాంట్లో మూడు బెడ్‌రూములది ఏదైనా రీసేల్‌కు ఉందా, అడుగు ఎంత చెబుతున్నారు అని అడిగాడు.